ఓడినవాళ్ళ టీ

ఆదివారం సాయంత్రం టీ ఓడినవాళ్ళే పెట్టాలి. ఈ నియమం పెట్టింది అక్కే. తను ఎలాగూ ఓడదని తెలిసే పెట్టింది. అందుకే ఇన్నేళ్ళలో తమ్ముడికి టీ పెట్టడంలో చెయ్యి తిరిగింది గానీ పడవల పందెంలో మాత్రం తిరగలేదు. "నీకు ఆట రాకపోతే పోయిందిలేరా, ఈ టీ కోసమైనా నిన్ను ఓడిస్తూ ఉండాలి" అని అక్క వాడి వీపు మీద ఒకటి చరిచేది.

అలాంటి అక్క ఈ ఆదివారం పొయ్యి ముందు నిలబడి టీ మరిగిస్తోంది. టీ కంటే ముందు తనే మరిగిపోతోంది.

"ఇదేం ఆటరా బాబూ! నేను నొక్కినప్పుడు కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు ఎగురుతోంది పడవ!" వంటింట్లోంచే కేకేసింది.

"పాలు పొంగుతాయి, చూసుకో" అన్నాడు ముందు గదిలోంచి తమ్ముడు.

"పొంగనీ! ఓడిపోయినందుకు టీ పెట్టమన్నారు గానీ బాగా పెట్టమని ఎవరూ అనలేదు."

తమ్ముడు నవ్వాడు. నలభై దాటినా, నెత్తిన జుట్టు సగం సెలవు తీసుకున్నా అక్కకి వాడింకా చిన్నోడే. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. గోళ్ళ కింద గ్రీజు ఎన్నిసార్లు కడిగినా పోదు. రెండు వీధుల అవతల పెళ్ళాంతో కాపురం. ఏ ఎండైనా వానైనా ఆదివారం సాయంత్రం మాత్రం అక్క ఇంటికి వచ్చి ఓడిపోయి, టీ పెట్టి వెళ్ళాల్సిందే.

ఇదంతా పాత డబ్బా ఉన్నంతకాలం. డబ్బా అంటే ఆటల డబ్బా, టీవీకి తగిలించేది. అక్క మొదటి జీతం అందుకున్న రోజున, బట్టలు కొనుక్కోవడానికని వెళ్ళి, దాన్ని చంకన పెట్టుకుని వచ్చింది. నిక్కర్లో ఉన్న చిన్నోడు గుమ్మంలోనే నిలబడిపోయి, "నిజంగా మనకేనా? మళ్ళీ ఇచ్చెయ్యాలా?" అని అడిగాడు. ఆ మాట తలుచుకుంటే అక్కకి ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ డబ్బా ఇప్పుడు లేదు. ఎండలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం తమ్ముడు దాని ముందు వంగి, చెవి ఆనించి, "డిస్కు తిరగట్లేదక్కా" అన్నాడు. రిపేరుకని తీసుకెళ్ళాడు. తర్వాత వచ్చి, లోపలి భాగం ఎక్కడా దొరకడం లేదట అని చెప్పి, టీవీలోనే ఈ కొత్త ఆట పెట్టాడు. టీవీ కింది అరలో డబ్బా ఉన్న చోటు మాత్రం చతురస్రంగా మిగిలింది. చుట్టూ చెక్క వెలిసిపోయినా అక్కడ కొత్తగా ఉంది. అక్క అక్కడ పూలకుండీ పెట్టి చూసింది, నచ్చక తీసేసింది.

టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది. ఒకటి తొణికింది.

"మళ్ళీ చెప్పు. ఈ ఆట ఎక్కడుంది?"

"ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయక్కా. ఆట అక్కడ నడుస్తుంది. నువ్వు బటన్ నొక్కింది లైనులో అక్కడికెళ్తుంది, బొమ్మ మళ్ళీ ఇక్కడికొస్తుంది. క్లౌడ్ అంటారు. రెప్పపాటు కూడా పట్టదు."

"అంటే నా పడవ నా ఇంట్లో లేదన్నమాట."

"లేదు."

"మరి నేనెందుకు కూర్చున్నానురా ఇక్కడ?"

తమ్ముడు టీ ఊదుకుంటూ దాని సుగుణాలన్నీ ఏకరువు పెట్టాడు. డబ్బా కొనక్కర్లేదు. డిస్కు మీద గీతలు పడతాయన్న బెంగ లేదు. దుమ్ము దులిపే పని లేదు. ఒకటి కాదు, వందల ఆటలు. వాళ్ళ పడవల పందేన్నే కొత్త రంగులు వేసి మరీ పెట్టారు.

"వందల ఆటలు నేనేం చేసుకోను? నాకొచ్చింది ఒక్కటి. దాని నీళ్ళకి కూడా నీలం రంగు ఎక్కువేశారు" అంది అక్క పెదవి విరిచి. "లైను పోతే?"

"ఆట ఆగుతుంది."

"డబ్బాకి ఆ గొడవే లేదు. కరెంటుంటే చాలు, కిక్కురుమనకుండా ఆడేది. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉండేది కూడానూ. మబ్బులో ఆటట, మబ్బులో!"

అసలు బాధ నీలం రంగు కాదు, నల్ల బండ. పందెం చివరి మలుపులో నదికి అడ్డంగా ఓ నల్ల బండ ఉంటుంది. దాని అంచు పడవ ముక్కుకి తగిలీ తగలకుండా ఉన్నప్పుడు బటన్ నొక్కాలి. తొందరపడితే పడవ నీళ్ళలో పల్టీ కొడుతుంది, ఆలస్యమైతే బండకి గుద్దుకుంటుంది. సరిగ్గా నొక్కితే మాత్రం బండ మీంచి ఎగిరి అవతలి పాయలో దిగుతుంది. అప్పటికి, దూకలేక బండ పక్కనుంచి దూరం దారిలో వచ్చే తమ్ముడి పడవ వెనకెక్కడో మలుపు తిరుగుతూ ఉంటుంది. ఇది తమ్ముడికి ఏనాడూ పట్టుబడలేదు. అక్క ఒకసారి పందెం కాసి, కళ్ళకి గుడ్డ కట్టుకుని, నీళ్ళ చప్పుడు వింటూ దూకించింది. ఆరోజు చిన్నోడు మంచమెక్కి గంతులేశాడు, తను ఓడిపోయిన సంగతే మర్చిపోయి.

ఇప్పుడు వరసగా మూడు ఆదివారాలు, నొక్కిన ప్రతిసారీ పడవ వెళ్ళి బండకే కొట్టుకుంది.

"లైను మార్పించరా. లేకపోతే ఆ మబ్బువాళ్ళనే మార్పించు" అంది అక్క.

"అలాగేలే" అన్నాడు తమ్ముడు. ఖాళీ గ్లాసులు తీసుకెళ్ళి తనే కడిగాడు.

*

అక్క పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. విరిగిన చేతులు అతకడం, వదులైన కీళ్ళు బిగించడం, ముక్కు మీద గుచ్చుకునే బొడిపెలు మార్చడం ఆమె పని. కళ్ళజోళ్ళక్క అంటే ఆ బజారులో తెలియనివాళ్ళు లేరు. కీళ్ళలో బిగించే మర, అంటే స్క్రూ, ఎంత చిన్నదైనా సరే, ఎడమ బొటనవేలి గోరు మీద పెట్టుకుని, పట్టకారుతో ఎత్తి, కీలు రంధ్రంలోకి దించి, రెండు తిప్పులు తిప్పి, "పెట్టుకుని చూడండి" అనేది. ఊపిరి కూడా బిగబట్టేది కాదు. పనిచేస్తూనే ఎదుటివాళ్ళ ఇంటి కబుర్లన్నీ రాబట్టేది.

ఈ మధ్య ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుంటోంది. మరలు జారిపడితే వెతుక్కోవడం సులువని.

సోమవారం ఓ టీచరమ్మ వచ్చింది. సన్నటి తీగలాంటి ఫ్రేము, చెయ్యి ఊడిపోయింది. కళ్ళజోడు తీసి ఇచ్చాక ఆవిడకి ఏమీ కనబడటం లేదు. గోడ మీది అద్దంలో తన నీడనే చూసి, "మీరు ముందొచ్చారా? కానివ్వండి" అని మర్యాద చేసింది. అక్క నవ్వాపుకుంటూ గోరు మీద మర పెట్టుకుంది. పట్టకారు ముక్కు దాని దాకా వెళ్ళి పక్కకి జరిగింది. మళ్ళీ వెళ్ళింది. మర గుడ్డలో పడింది. ఇంకోటి తీసింది. అదీ పడింది. మూడోది గుడ్డలో కూడా పడలేదు, ఎటో ఎగిరిపోయింది. అక్క నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని అయస్కాంతంతో బల్ల కింద దేవులాడింది.

"ఇవేం మరలండీ! పూర్వం మర అంటే మరలా ఉండేది. ఇవి చేతికి అంటనే అంటవు, సబ్బు రాసినట్టు."

షాపు పెద్దాయన తన కుర్చీలోంచి లేచి వచ్చాడు. "అవునమ్మా, ఈసారి సరుకు నాసిగానే వచ్చింది. కంపెనీవాడిని గట్టిగా అడుగుతాను. ఇలా ఇవ్వు, నువ్వు కాస్త కౌంటరు దగ్గర చూడు." ఆయన అక్కడే నిలబడి, అదే డబ్బీలోంచి ఓ మర తీసుకుని బిగించేశాడు. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో తనని గుర్తుపట్టి సిగ్గుపడింది.

అక్క కౌంటరు తుడుస్తూ పెద్దాయనకి మబ్బు ఆట గురించి మొరపెట్టుకుంది. "కొత్తవన్నీ ఇంతేనండీ. మరలూ అంతే, ఆటలూ అంతే. మనం ఇక్కడ నొక్కితే అక్కడెక్కడో వాళ్ళు తీరిగ్గా చూసుకుని, సరే పాపం నొక్కిందిలే అని ఎగరేస్తారు."

"ఆటే కదమ్మా, పోనిద్దూ."

"మీకలాగే ఉంటుంది. నన్ను ఆ బండ దగ్గర ఓడించినవాళ్ళు ఇంతవరకూ లేరు తెలుసా" అంది. ఆ మాటలో ఎంత గొప్ప ఉందో అంత దిగులూ ఉంది. పెద్దాయన ఆమె బల్ల మీది ట్రేలోంచి సన్నటి ఫ్రేములు రెండు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాడు.

*

బుధవారం షాపుకి సెలవు. అక్క తమ్ముడింటికి బయలుదేరింది. డబ్బాని ఏ షాపులో ఇచ్చాడో మరదలినడిగి, తనే వెళ్ళి నాలుగు దులిపి, భాగం దొరకదంటే ఎందుకు దొరకదో తేల్చుకుందామని ఆమె ఉద్దేశం.

మరదలు అలమర సర్దుతోంది. లోపలి సామానంతా మంచం మీద గుట్టగా పడుంది. "మంచి సమయానికొచ్చారు వదినా! ఇస్త్రీ బట్టలు మడతేస్తూ కబుర్లు చెప్పండి. మీ తమ్ముడి చొక్కాల గ్రీజు చూస్తే మీకే జాలేస్తుంది నా మీద."

"నీ మీద నాకెందుకు జాలి? వాణ్ణి నీకు అంటగట్టింది నేనే కదా" అంటూ అక్క మంచం మీద చోటు చేసుకుని కూర్చుంది. పక్కన పాత దుప్పటిలో చుట్టిన మూటేదో మోచేతికి తగిలింది. గట్టిగా, అంచులు అంచులుగా ఉంది. దుప్పటి కొంచెం తొలిగింది. బూడిదరంగు మూల ఒకటి కనబడింది, మీద చిన్న సొట్ట. చిన్నోడు ఓడిపోయిన ఉక్రోషంలో రిమోట్ విసిరినప్పుడు పడిన సొట్ట అది.

అక్క దుప్పటి మొత్తం తీసింది.

"అయ్యో, అది ముట్టుకోవద్దన్నారండీ మీ తమ్ముడు! పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టారు, నన్నూ తుడవనివ్వరు."

"ఇది రిపేరు షాపులో ఉందన్నాడే?"

"రిపేరా? దీనికేం రోగం? మొన్నేగా టీవీకి తగిలించుకుని ఒక్కరే కూర్చుని ఆడారు. భేషుగ్గా ఆడింది. ఏదో బండట, దాని దగ్గరే మాటిమాటికీ ఆపి మళ్ళీ మొదలెడుతున్నారు. ఏం చేస్తున్నారంటే, ఏం లేదులే అన్నారు."

అక్కకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థమైందనే అనుకుంది. డబ్బా మీద తనని ఓడించలేక, డబ్బానే దాచేశాడు. నొక్కింది ఆలస్యంగా తగిలే మబ్బు తెచ్చి, తన బండని తనకి కాకుండా చేశాడు. ఇంట్లో రహస్యంగా సాధన కూడా చేస్తున్నాడు. మొదటి జీతం, గుమ్మంలో నిక్కరు, మంచం మీద గంతులు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఎంత మోసం! కేవలం గెలవడానికి! నాతో!"

"ఆట కోసం దొంగతనమా వదినా? ఇద్దరికీ వయసులు వచ్చాయి గానీ..." అని మరదలు నవ్వబోయి, ఆడపడుచు ముఖం చూసి ఆపేసింది.

"వాడొచ్చాక తిన్నగా మా ఇంటికి రమ్మని చెప్పు. ఎందుకని అడిగితే టీ పెట్టడానికని చెప్పు."

అక్క డబ్బాని దుప్పటితో సహా గుండెలకి హత్తుకుని రెండు వీధులూ నడిచింది. ఎదురైనవాళ్ళు ఎవరి బిడ్డో అనుకుని దారిచ్చారు.

ఇంటికొచ్చి, టీవీ కింది అరలో దాని చోట్లో దాన్ని పెట్టింది. అచ్చంగా సరిపోయింది. వైరు పిన్ను టీవీ వెనక రంధ్రంలో దూర్చడానికి చాలాసేపు పట్టింది. ఈ టీవీలవాళ్ళ రంధ్రాలు కూడా ఇరుకైపోయాయని తిట్టుకుంది. బటన్ నొక్కగానే డబ్బా చిన్నగా గురకపెట్టింది. తెర మీద ఆ పాత పాలిపోయిన నది, ఆ పాత పాట. అక్కకి కళ్ళు చెమర్చాయి. తన రిమోట్ చేతిలోకి తీసుకుంది. బొటనవేలి కింది బటన్ మీద బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది, వేలు దానిలో గుంటలో కూర్చున్నట్టు కూర్చుంది. ఒకసారి ఒక్కతే ఆడి చూద్దామనిపించింది. మళ్ళీ వద్దనుకుంది. వాడి కళ్ళముందే దూకాలి.

*

తమ్ముడు పని బట్టల్లోనే వచ్చాడు. గుమ్మంలోనే డబ్బాని చూశాడు. అక్కడే నిలబడిపోయాడు.

"ఏరా, నోట్లో మాట రావట్లేదా? రిపేరు షాపువాడు బాగుచేసి పంపాడు. మంచివాడు, నా మరదలే" అంది అక్క.

"అక్కా, అది వద్దు. తీసెయ్."

"ఎందుకు? గెలుపు రుచి మరిగావా? కూర్చో."

"అక్కా..."

"కూర్చోమన్నానా!"

వాడు చెప్పులు విప్పి, చాప మీద పక్కన కూర్చున్నాడు. రెండో రిమోట్ తీసుకున్నాడు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ టీవీ మీద పడుతుంటే అక్కే లేచి తెర వేసింది. సాకు అనేది ఏ వైపునా మిగలకూడదు.

పడవలు కదిలాయి. మొదటి మలుపు, వంతెన, రెండు చెట్ల మధ్య సందు, అన్నీ అక్కకి తన ఇంటి గదుల్లా తెలుసు. పడవ సాఫీగానే పోతోంది. నల్ల బండ కనబడింది. అంచు దగ్గరపడింది. ఇప్పుడే అనుకుంది, నొక్కింది.

పడవ బండకి కొట్టుకుంది.

మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ కొట్టుకుంది. ఈ డబ్బాలో మబ్బు లేదు, లైను లేదు, ఎక్కడో కూర్చుని తీరిగ్గా చూసేవాళ్ళెవరూ లేరు. ఇప్పుడే అని తను అనుకున్న క్షణానికీ, వేలు కిందికి దిగిన క్షణానికీ మధ్య ఏదో చోటుంది. పూర్వం లేని చోటు. మూడోసారి ఆ చోటుని ఆమె తన కళ్ళతోనే చూసింది. ఇప్పుడే అనుకుంది. వేలు కదల్లేదు. బండ వచ్చేసింది. అప్పుడు దిగింది వేలు, ఒకసారి కాదు, రెండుసార్లు.

పందెం ఇంకా అయిపోలేదు. తమ్ముడి పడవ రావాలి, కానీ రావడం లేదు. వెనక మలుపులో నీళ్ళలో ఊరికే గుండ్రంగా తిరుగుతోంది. అక్క పక్కకి చూసింది. తమ్ముడి బొటనవేలు బటన్ మీద లేదు. గాల్లో లేచి ఉంది.

"ఒరేయ్, నీ వేలు బటన్ మీద లేదు."

వాడు వేలు గబుక్కున బటన్ మీదికి దించాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నన్ను గెలిపించడం."

తమ్ముడు రిమోట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. "చలికాలం నుంచి" అన్నాడు తలెత్తకుండా. "లిఫ్టులో జనాన్ని రోజూ చూస్తానక్కా. తలుపు మూసుకోవడం కాస్త ఆలస్యమైతే చాలు, బటన్ పడలేదనుకుని మళ్ళీ నొక్కుతారు. నీ వేలు అలా నొక్కడం మొదలెట్టింది. ఒకసారి నొక్కి, పడలేదనుకుని మళ్ళీ. ముందు నా పడవ కొంచెం నెమ్మదిగా నడిపాను. తర్వాత ఇంకా నెమ్మదిగా. చివరికి ఎంత నెమ్మదిగా నడిపినా నువ్వే వెనకబడుతున్నావు. ఇంకా ఎలా ఓడాలో నాకు తెలియలేదక్కా."

నది పాట మళ్ళీ మొదటికొచ్చింది. డబ్బా గురక పెడుతూనే ఉంది.

"అందుకని మబ్బు తెచ్చావా?"

"దాంట్లో కాస్తో కూస్తో ఆలస్యం ఉంటుందిగా. నువ్వు లైనుని తిడతావు, నన్ను తిడతావు. నీ చేతిని మాత్రం తిట్టుకోవు కదా అనుకున్నాను."

"మరి ఇంట్లో ఒక్కడివే ఆడావట?"

"బండ దగ్గర నీ కంటే ఆలస్యంగా నొక్కితే ఎలా ఉంటుందో చూశాను. నీకు తెలియకుండా ఓడిపోవడం ఎలాగైనా కుదిరితే డబ్బా మళ్ళీ తెచ్చి పెట్టేద్దామని." వాడు ఒళ్ళోని రిమోట్ తీసి చాప మీద పెట్టాడు. "కుదరలేదు."

అక్క తన కుడిచేతిని చూసుకుంది. ఎప్పుడూ ఉండే చెయ్యే. గోళ్ళూ, పాత గాటూ, అన్నీ ఉన్నాయి. జారిపడ్డ మరలు గుర్తొచ్చాయి. పెద్దాయన అదే డబ్బీలోంచి తీసి బిగించిన మర గుర్తొచ్చింది. తన ట్రేలో కొన్నాళ్ళుగా లావుపాటి ఫ్రేములు తప్ప ఏమీ ఉండటం లేదన్న సంగతి ఇప్పుడు తట్టింది. అందరికీ తెలుసన్నమాట. అందరూ కలిసి మరలని, లైనుని తిట్టనిచ్చారు. ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. ఆ రెండింటి వెనకనుంచి, గుమ్మంలో నిలబడి "నిజంగా మనకేనా?" అన్న పిల్లాడి మీద పట్టరాని ప్రేమ ముంచుకొచ్చింది.

"డాక్టరుకి చూపించుకోవాలేమో" అంది.

"రేపు సెలవు పెట్టాను."

"ఎప్పుడు పెట్టావు?"

"ఇందాక, నీ మరదలు ఫోన్ చేసినప్పుడు."

"పెద్దాయనకి కూడా చెప్పాలి. నాకు తెలిసిపోయిందని. పాపం, ఆయన కంపెనీవాడితో ఊరికే పోట్లాడతాడు." అక్క నేల మీద చెయ్యి ఆనించి లేచింది. తమ్ముడు కూడా లేవబోయాడు. "నువ్వు కూర్చో. ఓడింది నేను."

వంటింట్లో చాలాసేపు చప్పుళ్ళు వినిపించాయి. చక్కెర డబ్బా మూత కింద పడింది, దొర్లింది, ఆగింది. తమ్ముడు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు గానీ లేవలేదు. లేస్తే ఊరుకోదని వాడికి తెలుసు. కాసేపటికి లోపల్నుంచి పిలుపొచ్చింది.

"ఒరేయ్, గ్లాసులు నువ్వొచ్చి మోసుకెళ్ళు. ఓడినవాళ్ళు టీ పెట్టాలన్నాను గానీ, మొయ్యాలని నియమం లేదు."

ఇద్దరూ టీ తాగారు. చక్కెర ఎక్కువైంది. వాడు అనలేదు, ఆమె అడగలేదు. తాగాక అక్క డబ్బా ఆపింది. దాని మీద అరచెయ్యి పెట్టి, వెచ్చదనం తగ్గేదాకా అలాగే ఉంచింది.

"ఇది ఇక్కడే ఉంటుంది, దీని చోట్లో. మళ్ళీ ఎత్తుకుపోయావో, చూడు. ఇప్పుడా మబ్బుది పెట్టు."

"అదా? అదంటే నీకు ఒళ్ళుమంట కదక్కా."

"డబ్బాకి అబద్ధం చెప్పడం రాదురా. ఈ ఒక్క పూటకీ నాకు అబద్ధం కావాలి. కానీ నువ్వు మాత్రం వేలు బటన్ మీదే పెట్టి ఆడాలి. నా మీద ఒట్టు."

తమ్ముడు మబ్బు ఆట పెట్టాడు. మరీ నీలంగా ఉన్న ఆ నదిలో రెండు పడవలూ కదిలాయి. వాడు ఒట్టుకి కట్టుబడి ఆడాడు. వంతెన దగ్గర అక్కని దాటేశాడు, మలుపు తిరిగాడు, గెలుపు గీత కూడా దాటాడు. అక్క పడవ బండ దాకా వచ్చింది. ఆమె నొక్కింది. పడవ ధడేలుమని కొట్టుకుంది.

"దిక్కుమాలిన లైను!" అని అక్క ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

"అవునక్కా," తమ్ముడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, "ఇవాళ లైను అస్సలు బాగోలేదు."